కాలు తీసినా కారు ఎందుకు నెమ్మదించదు?

"తాతా, పెడల్ మీంచి కాలు తీసేశాక కూడా కారు అదే స్పీడులో పోతోంది కదా, మరి లోపల తొక్కేదెవరు?"

సెలవులకి విశాఖ నుంచి నౌపడ వచ్చిన మా మనవరాలి ప్రశ్న ఇది. వాళ్ళ నాన్న కొత్తగా కొన్న కారుకి స్టీరింగ్ మీద చిన్న మీట ఉంది. మడపాం టోల్‌గేట్ దాటి రోడ్డు ఖాళీగా కనపడగానే ఆయన అది నొక్కి, కాళ్ళు రెండూ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడట. క్రూజ్ కంట్రోల్ అంటారు దాన్ని. "అదంతా కంప్యూటర్ చూసుకుంటుందమ్మా" అని తండ్రి తప్పించుకున్నాడు. ఈ రోజుల్లో ఏది అడిగినా పెద్దవాళ్ళు చెప్పే జవాబు అదే.

కానీ పిల్లలూ, కార్లలోకి కంప్యూటర్లు రాకముందే ఇలా కాలు తీసేసినా నడిచే కార్లు అమెరికాలో రోడ్డెక్కాయి. 1958లో. వాటిలో చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. రెండు ఇనప బరువులు, ఓ స్ప్రింగు, ఓ చిన్న మోటారు, అంతే సరంజామా. ఆ ఇనప బరువులు మనకి కొత్తవి కావు. మీ ముత్తాతలు వాటి చప్పుడు వింటూనే బతికారు.

టెక్కలి, పలాస పక్క పల్లెల్లో కరెంటు సరిగ్గా లేని రోజుల్లో ధాన్యం ఆడించాలన్నా, ఉద్దానం తోటలకి నీళ్ళు తోడాలన్నా డీజిల్ ఇంజనే దిక్కు. పక్కన బరువైన చక్రం, పైకి పొగగొట్టం, టక్ టక్ మని ఊరవతలికి కూడా వినపడే ఒంటి సిలిండరు ఇంజన్. బెల్టు ఉత్తినే తిరుగుతున్నంతసేపూ దానిది ఒక గొంతు. హల్లర్‌లో ధాన్యం పొయ్యగానే మూలుగుతుంది. టక్కుకీ టక్కుకీ మధ్య ఎడం పెరుగుతుంది. ఇక ఆగిపోతుందేమో అనుకునేలోగా గొంతు బరువెక్కుతుంది, పొగ కాస్త నల్లబడుతుంది, మళ్ళీ పాత లయలో పడుతుంది. ఇంత జరిగినా మిల్లు మనిషి ఇంజన్ వైపు తలైనా తిప్పడు. ఇంకో బస్తా మూతి విప్పుకుంటూ ఉంటాడు.

మరి డీజిల్ ఎక్కువ వదిలిందెవరు?

ఇంజన్‌తో పాటు గిర్రున తిరిగేలా కీళ్ళ మీద బిగించిన రెండు ఇనప బరువులు లోపల ఉంటాయి. ఇంజన్ జోరు పెరిగితే అవి బయటికి విచ్చుకుంటాయి. జోరు తగ్గితే స్ప్రింగు వాటిని లోపలికి లాగేస్తుంది. ఆ విచ్చుకోవడం, ముడుచుకోవడం ఒక కడ్డీ ద్వారా డీజిల్ పంపుకి అందుతుంది. బరువులు ముడుచుకుంటే డీజిల్ ఎక్కువ, విచ్చుకుంటే తక్కువ. దీన్నే గవర్నర్ అంటారు. మెకానిక్కులు "గవర్నర్ సెట్ చెయ్యాలి" అంటారు చూడండి, అదే.

ఇందులో అసలు గుట్టు ఒక్కటే. యంత్రం తన పని ఫలితాన్ని తనే చూసుకుని, దాన్నిబట్టి తన చెయ్యి మార్చుకుంటోంది. కట్టెల పొయ్యి మీద ఎసరు పెట్టిన మీ నాయనమ్మ చేసేదీ అంతే. పొంగు వస్తే కట్టె వెనక్కి లాగుతుంది, మరుగు తగ్గితే ముందుకి తోస్తుంది. మంట లెక్క ఆమెకి అక్కర్లేదు, ఎసరు తీరు చూస్తే చాలు. ఇంజనీర్లు దీనికి ఫీడ్‌బ్యాక్ అని పేరు పెట్టుకున్నారు.

ఈ బరువుల ఆలోచన మొదట వచ్చింది కూడా పిండిమరల్లోనే. గాలిమరల్లో రాళ్ళ మధ్య ఎడాన్ని సర్దడానికి ఇంగ్లండులో ఇలాంటి ఏర్పాటు వాడేవారు. లండన్‌లోని ఆల్బియన్ మిల్లులో దాన్ని చూసిన బౌల్టన్ 1788లో తన భాగస్వామి జేమ్స్ వాట్‌కి ఉత్తరం రాశాడు. వాట్ దాన్ని ఆవిరి ఇంజన్‌కి తగిలించాడు. పేరు వాట్‌కి దక్కింది గానీ పుణ్యంలో సగం పిండి ఆడించేవాళ్ళది.

మీకో సందేహం రావాలి. మన నౌపడ నుంచి పర్లాకిమిడి వెళ్ళిన చిన్న రైలుకి కూడా ఇలాంటి గవర్నర్ ఉండేదా? పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900 ఏప్రిల్‌లో మొదలైంది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. తర్వాత గుణుపురం దాకా పెరిగింది. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజి పట్టాలు వేసి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద రైళ్ళు నడిపారు. ఆ బుల్లి ఆవిరి ఇంజన్లలో స్పీడు చూసుకునే గవర్నర్ డ్రైవరే. ఎత్తు వస్తే రెగ్యులేటర్ పిడి లాగేదీ, పల్లం వస్తే మూసేదీ అతనే. మిల్లు ఇంజన్ ఒకేచోట కూర్చుని ఒకే పని చేస్తుంది కాబట్టి దానికి గవర్నర్ సులువు. బండికి దారి మారుతుంది, స్టేషన్లు వస్తాయి, అడ్డంగా పశువులు వస్తాయి. అందుకే బండిలో ఈ పని చాలాకాలం మనిషి చేతిలోనే ఉండిపోయింది.

అలాగని ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1900 తర్వాతి తొలి కార్లలో కొన్నిటికి ఇంజన్ గవర్నర్లు ఉండేవి. అయితే అవి పట్టుకుని కూర్చున్నది ఇంజన్ తిరిగే వేగాన్ని. గేరు మారిస్తే ఆ లెక్కంతా మారిపోతుంది. కావలసింది చక్రం వేగాన్ని పట్టుకునే సాధనం. దాన్ని చేసినవాడికి చూపే లేదు.

రాల్ఫ్ టీటర్ అని, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్‌లో 1890లో పుట్టాడు. అయిదో ఏట కత్తితో సొరుగు తెరవబోతే కత్తి జారి ఒక కంట్లో దిగింది. కొన్నాళ్ళకి రెండో కన్నూ పోయింది. ఇంట్లోవాళ్ళు అయ్యో పాపం అని మూల కూర్చోబెట్టలేదు. వాళ్ళది యంత్రాల కుటుంబం. పన్నెండేళ్ళకే బంధువుల కుర్రాడితో కలిసి సొంతంగా ఓ చిన్న కారు కట్టాడు. 1912లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో యుద్ధనౌకల టర్బైన్ల తిరుగుడు భాగాల్లో ఏ పక్క బరువు ఎక్కువుందో, అవి ఎక్కడ వణుకుతున్నాయో పసిగట్టి సరిచేసే పనిలో ఆయన చేతులే పనికొచ్చాయి. తర్వాత పిస్టన్ రింగులు చేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీకి పెద్దయ్యాడు. 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

ఆయన స్నేహితుడు, పేటెంట్ లాయరు హ్యారీ లిండ్సే ఆయన్ని కార్లో ఎక్కించుకుని తిప్పేవాడు. లిండ్సేకి ఒక అలవాటు. తాను మాట్లాడుతున్నప్పుడు కారు నెమ్మదిస్తుంది, ఎదుటివాడు మాట్లాడుతుంటే వేగం పెరుగుతుంది. కళ్ళున్న మనం పక్క సీట్లో కూర్చుంటే కిటికీలోంచి చూస్తూ దాన్ని పట్టించుకోం. కళ్ళు లేనాయనకి దారంతా ఊపులే. ముందుకి తూలడం, వెనక్కి తూలడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు, టైర్లు పొదుపు చెయ్యమని అమెరికా ప్రభుత్వం గంటకి 35 మైళ్ళ హద్దు కూడా పెట్టింది. ఈ ఊపుడు, ఆ హద్దు రెండూ కలిసి టీటర్ బుర్రకి పని పెట్టాయి. ఏళ్ళ తరబడి పట్టుబట్టి చేశాక 1950లో పేటెంటు చేతికొచ్చింది.

తమాషా ఏమిటంటే, ఆయన మొదట చేసింది కాలు తీసెయ్యడానికి పనికొచ్చే సాధనం కాదు. కాలికి అడ్డుపడే సాధనం! మీరు పెట్టుకున్న వేగం చేరగానే పెడల్ కింద నుంచి మీ పాదాన్ని పైకి నెడుతుంది. 'ఇక చాలు బాబూ' అని చెబుతుందన్నమాట. తొందరుంటే గట్టిగా తొక్కి ముందుకి పోవచ్చు. ఆలోచన వరకు చూస్తే మన లారీలకీ స్కూలు బస్సులకీ ఇప్పుడు బిగిస్తున్న స్పీడ్ గవర్నర్లకి అది దగ్గర చుట్టం. బ్రేకు తాకేదాకా వేగాన్ని అలాగే బంధించి ఉంచే తాళం తర్వాత చేర్చాడు. జనానికి నచ్చింది ఆ తాళమే. అడ్డుపడేదాన్ని ఎవరు డబ్బిచ్చి కొంటారు?

1958లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్, న్యూయార్కర్, విండ్సర్ కార్లలో దీన్ని 'ఆటో పైలట్' అని అమ్మింది. ఆ మరుసటి ఏడాది కాడిలాక్ కంపెనీ 'క్రూజ్ కంట్రోల్' అంది. ఆ పేరే నిలిచింది.

ఇప్పుడు బానెట్ ఎత్తి చూద్దాం. ఆ రోజుల్లో స్పీడోమీటర్‌కి గేర్‌బాక్స్ నుంచి ఒక తీగ తిరుగుతూ వచ్చేది. మన పాత స్కూటర్లకీ, అంబాసిడర్లకీ ఉండేది అదే. అమెరికా కార్లలో ఆ తీగ మైలుకి సుమారు వెయ్యి చుట్లు తిరిగేలా లెక్క పెట్టుకున్నారు. గంటకి 60 మైళ్ళంటే నిమిషానికి మైలు, అంటే తీగ నిమిషానికి వెయ్యి చుట్లు. మన లెక్కలో అది దాదాపు 97 కిలోమీటర్ల వేగం. ఈ తీగ తిరుగుడునే తీసుకెళ్ళి రెండు ఇనప బరువులకి కలిపారు. మిల్లు ఇంజన్‌లో చూసినవే, కాకపోతే చిన్నవి.

డ్రైవరు ఎదురుగా ఒక గుండ్రటి మీట. దాన్ని 50కో 60కో తిప్పితే లోపల స్ప్రింగు ఆ మేరకి బిగుసుకుంటుంది. స్ప్రింగు ఎంత బిగువుగా ఉంటే బరువులు విచ్చుకోవడానికి అంత జోరు కావాలి. చూశారా, మీరు కోరిన వేగాన్ని యంత్రం ఎక్కడ గుర్తుపెట్టుకుందో? స్ప్రింగు బిగువులో. ఈనాటి కారైతే ఆ అంకెని మెమరీలో దాస్తుంది. ఈ పాతకాలపు ఏర్పాటే నాకు ఎక్కువ నచ్చుతుంది. వేలితో తాకి చూడగల జ్ఞాపకం అది.

బరువులు ముడుచుకుంటే ఒక విద్యుత్ స్పర్శ తగులుతుంది, మోటారు ఒక వైపు తిరిగి మరను బిగిస్తుంది, కార్బ్యురేటర్‌లో ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ రేకు తెరుచుకుంటుంది. విచ్చుకుంటే ఇంకో స్పర్శ, మోటారు రెండో వైపు తిరుగుతుంది, రేకు మూసుకుంటుంది. సరైన వేగంలో ఉంటే రెండూ తగలవు, మోటారు కదలదు. అంతకుమించి అందులో తెలివి ఏమీ లేదు.

1960ల నుంచి మోటారుకి బదులు వాక్యూమ్ వాడకం బాగా పెరిగింది. ఇది కాస్త చిత్రమైన పని. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలో థ్రాటిల్ రేకు అడ్డంగా ఉంటుంది కదా, దాని వెనక మామూలుగా పీల్పు ఉంటుంది. ఖర్చులేని బలం అది. ఒక డబ్బాలో రబ్బరు పొర బిగించి, ఆ పీల్పుని ఒక పక్కకి కలిపితే పొర లోపలికి లాక్కుంటుంది. పొరకి ఒక చిన్న పూసల గొలుసు, గొలుసు రెండో కొన థ్రాటిల్‌కి. కడ్డీ పెట్టకుండా గొలుసే ఎందుకు పెట్టారు? గొలుసు లాగగలదు గానీ నెట్టలేదు. లారీని దాటాలని మీరు కాలితో ఇంకాస్త తొక్కితే గొలుసు వదులవుతుంది తప్ప మీకు అడ్డం రాదు. కాలు తీస్తే మళ్ళీ పాత బిగువుకి వస్తుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. ఎత్తు ఎక్కుతుంటే థ్రాటిల్ బాగా తెరుచుకోవాలి. రేకు పూర్తిగా తెరిస్తే దాని వెనక పీల్పు తగ్గిపోతుంది. అంటే బలం కావలసిన సమయానికే బలం పోతోంది! అందుకని పల్లంలోనూ చదునులోనూ పీల్పుని కూడబెట్టుకునే ఒక డబ్బా అదనంగా పెట్టారు, వెనక్కి జారిపోకుండా ఒక కవాటంతో సహా.

ఇక బ్రేకు. పెడల్‌ని పాదం తాకగానే ఒక స్విచ్చి కరెంటు తెంచేస్తుంది. స్విచ్చి చెడిపోతే? పెడల్ దగ్గరే విడిగా ఒక కవాటం పెట్టారు. పెడల్ కదలగానే అది తెరుచుకుని, బయటి గాలి డబ్బాలోకి జొరబడి, పొర వదులైపోతుంది. ఒకటి విద్యుత్తు, ఒకటి గాలి, రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. ప్రాణాలతో పని కాబట్టి ఒకే దారి నమ్ముకోకూడదని ఆ ఇంజనీర్లకి తెలుసు. ఈ ఒక్క విషయంలో వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

అయినా ఆ పాత కార్లు ఎత్తు రాగానే రెండు మూడు మైళ్ళు తగ్గి నడిచేవి. కారణం బరువుల లెక్కలోనే ఉంది. థ్రాటిల్ ఎక్కువ తెరవాలంటే బరువులు ముడుచుకోవాలి, ముడుచుకోవాలంటే వేగం నిజంగానే తగ్గాలి. తగ్గనిదే సాయం రాదు, సాయం నిలవాలంటే కొంత తగ్గుదలా నిలవాలి. పోనీ కొంచెం తగ్గినా గట్టిగా స్పందించేలా చేద్దామా అంటే ఇంకో తలనొప్పి. తగ్గిందని ఎక్కువ తెరుస్తుంది, కారు హద్దు దాటుతుంది, దాటిందని ఎక్కువ మూస్తుంది, మళ్ళీ పడిపోతుంది. కారు ఊగిసలాడుతూ పోతుంది. లిండ్సే గారి డ్రైవింగే యంత్రం రూపంలో తిరిగొచ్చినట్టు!

మన తీరంలో ఈ ఊగిసలాట డీజిల్ ఇంజన్లకి బాగా తెలిసిన జబ్బు. నౌపడ ఉప్పుమడుల మీదుగా వచ్చే గాలి ఇనుముని బతకనివ్వదు. గవర్నర్ కీళ్ళకి తుప్పు పడితే బరువులు కదలాల్సినప్పుడు కదలవు, ఆలస్యంగా ఒక్కసారి కదులుతాయి. ఇంజన్ ఒకసారి గావుకేక పెట్టి, ఒకసారి నీరసపడి, మళ్ళీ కేక పెడుతుంది. నూనె చుక్క వేసి కీలు సాపు చేస్తే కుదురుకుంటుంది. గవర్నర్ ఎప్పుడు కుదురుగా ఉంటుందో, ఎప్పుడు ఇలా ఊగిసలాడుతుందో లెక్కల భాషలో తేల్చినవాడు మాక్స్‌వెల్. కాంతి గురించి చెప్పిన మాక్స్‌వెలే. 1868లో గవర్నర్ల మీద ఒక పరిశోధనా పత్రం రాశాడు.

కంప్యూటరు వచ్చి మార్చింది ఈ చోటే. అది వేగం ఎంత తగ్గిందో మాత్రమే చూడదు. ఎంతసేపటి నుంచి తగ్గి ఉందో, ఎంత చురుగ్గా తగ్గుతోందో కూడా చూస్తుంది. మూడూ కలిపి థ్రాటిల్ ఎంత తెరవాలో తేలుస్తుంది. అందుకే మా అల్లుడి కారు ఫ్లైఓవర్ ఎక్కినా అంకె కదలదు. మిగతా కథంతా ఆ ఇనప బరువులదే.

మన నౌపడ మీదుగా పోయే హౌరా–చెన్నై లైన్లో కూడా ఇదే పని జరుగుతోంది. డబ్ల్యూఏపీ-7 లాంటి కొత్తరకం ఎలక్ట్రిక్ ఇంజన్లలో లోకో పైలట్ ముందు బీపీసీఎస్ అనే బటన్ ఉంటుంది. బండి కావలసిన వేగం అందుకున్నాక నొక్కితే మోటార్ల లాగుడుని ఇంజనే సర్దుకుంటూ ఆ వేగాన్ని నిలబెడుతుంది. బ్రేకు వేసినా, హ్యాండిల్ కదిపినా వదిలేస్తుంది. అయితే రైల్లో ఇంకో కాపలా ఉంది. లోకో పైలట్ నిమిషం పాటు ఏ పనీ చెయ్యకుండా ఊరుకుంటే యంత్రం దీపంతో, చప్పుడుతో హెచ్చరిస్తుంది. అప్పటికీ పలకకపోతే బ్రేకులు పడిపోతాయి. నువ్వు చెయ్యి తీసెయ్యి గానీ కన్ను మూయకు అని అడిగి మరీ తేల్చుకుంటుందన్నమాట. పైగా రైలుకి తన దారి తనదే, ముందు సిగ్నలు ఉంది.

మామూలు క్రూజ్ కంట్రోల్‌కి ఇవేవీ లేవు. దానికి రోడ్డు కనపడదు. ముందున్న లారీ కనపడదు, తోటలోంచి హఠాత్తుగా రోడ్డెక్కే ఆవు కనపడదు, జీడిపిక్కల బస్తాలతో అడ్డదారిన వచ్చే ఆటో అసలే కనపడదు. దానికి తెలిసింది రెండే రెండు, మీరు కోరిన వేగం, చక్రం తిరుగుతున్న వేగం. ముందు బండితో ఎడం చూసుకునే రకాలు ఇప్పుడు వస్తున్నాయి, వాటి కథ వేరు. కారు కొనేటప్పుడు మీది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

మా అల్లుడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పలాస, టెక్కలి జంక్షన్లు దగ్గర పడుతున్నప్పుడూ, వాన కురిసి రోడ్డు జారుడుగా ఉన్నప్పుడూ, కళ్ళు బరువెక్కుతున్నప్పుడూ ఆ బటన్ జోలికి పోకండి. మిగతాప్పుడు వాడుకోండి, కాలు మాత్రం బ్రేకు దగ్గరే ఉంచండి.